పైన పేరు మాత్రం నాది

స్కార్వోయ దీవి,
14 సెప్టెంబర్ 2021

అక్కా,

కవరు మీద చేతిరాత చూసి ఎవరో పన్నుల ఆఫీసు వాళ్ళనుకుని కంగారు పడి ఉంటావు. నేనే, ఓడ్వార్‌ని. సైన్యం నుంచి ఇంటికొచ్చాక పెన్ను పట్టి ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు, నాకు మాట్లాడటం రాదు. అందుకని ఇది.

నేను బాగానే ఉన్నాను. గొర్రెలు కొండ దిగాయి. బంగాళాదుంపలు తవ్వేశాను. గున్వోర్ పోయి అయిదు నెలలైంది కదా, ఇప్పటికీ రెండు కప్పుల కాఫీయే కాస్తున్నాను. కొలత మార్చడం చేతకావడం లేదు.

సంగతేమిటంటే, మా దీవికి గాజు తీగ వస్తోంది. ఇంటర్నెట్ ఇక దాంట్లోనేనట. పాత రాగి తీగలు, స్తంభాలు పీకేస్తారు. సముద్రం అడుగున కేబులు కంపెనీ వాళ్ళు వేశారు. రేవు నుంచి ఇళ్ళ దాకా గొయ్యి తవ్వుకోవడం మా వంతు. ఊరంతా కలిసి, కూలి లేకుండా, దుగ్నాద్ పనికి దిగాం. ఎవరి గోడ దాకా వాళ్ళు తవ్వుకోవాలి, ముసలివాళ్ళ గోడ దాకా అందరూ తవ్వాలి. నన్ను ముసలివాళ్ళ జాబితాలో వేస్తే, ఈ పని నడిపిస్తున్న పక్కింటి తూరిద్‌తో దెబ్బలాడి పేరు కొట్టేయించాను. ఇప్పుడు రోజూ నడుం పట్టేస్తోంది, ఎవరికీ చెప్పడం లేదు.

అసలు బాధ ఇది. పాత తీగతో పాటు పాత ఈమెయిల్ పెట్టెలు కూడా డిసెంబర్ ఒకటిన మూసేస్తారట. అందులో ఉన్నవన్నీ చెరిపేస్తారు. మా పెట్టె పాస్‌వర్డ్ గున్వోర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. మరిచిపోతే ఆవిడ మొబైల్‌కి ఒక నంబరు వస్తుందట. ఆ మొబైల్ కనెక్షన్‌ని జూన్‌లో నేనే తీయించేశాను. చనిపోయినవాళ్ళ ఫోన్ ఎందుకండీ అని మున్సిపాలిటీ ఆయన అంటే, నిజమే కదా అనుకున్నాను. నా చేత్తో నేనే తలుపు మూసి తాళంచెవి సముద్రంలో పారేశానన్నమాట.

ఆవిడ రాసిందంతా ఆ పెట్టెలోనే ఉంది, అక్కా. ఇల్లంతా వెతికాను. ఆవిడ చేతిరాత జామ్ సీసాల మీద తప్ప ఎక్కడా లేదు. "ముల్టె పళ్ళు, 2019." "ముల్టె పళ్ళు, 2020, పంచదార తక్కువ." నలభై ఆరేళ్ళ కాపురానికి నా దగ్గర మిగిలిన అక్షరాలు అవి.

నువ్వు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేశావు. ఇందులోకి దూరే దారి ఏదైనా ఉంటే చెప్పు.

తమ్ముడు,
ఓడ్వార్

*

హామర్,
21 సెప్టెంబర్

ఒరేయ్ తమ్ముడూ,

సైన్యం తర్వాత ఇదే మొదటి ఉత్తరమా! పదకొండేళ్ళపాటు ఆదివారం తప్పకుండా నాకు ఈమెయిల్ రాసినవాడివి, అవి ఉత్తరాలు కావా? ఎవరు రాశారట, మీ పొట్టేలా?

నీ కవరు చించి రెండుసార్లు చదివాను. నీ ధోరణి మారిపోయింది. ఇదివరకు ఎంత నిండుగా రాసేవాడివి! ఈడర్ బాతు వచ్చి తిరగేసిన పడవ కింద గూడు పెడితే, పిల్లలు గూడు వదిలి పోయేదాకా పడవ నీళ్ళలోకి దించనన్నావు. ఆ నెలంతా తూరిద్ పడవ అడుక్కుని వేటకి వెళ్ళావు. ఆ ఉత్తరం నేను మా అంతస్తులో ఆడవాళ్ళందరికీ చదివి వినిపించాను. తెర మీద చదివితే నా కళ్ళకి పడదు కాబట్టి ప్రతి ఒక్కటీ అచ్చు తీయించి ఫైల్లో పెట్టుకున్నాను. మా బిల్డింగులో ఇంటర్నెట్ మార్చినప్పుడు నా కంప్యూటర్లోవన్నీ గాలికి పోయాయి గానీ, ఫైళ్ళు నాలుగూ బీరువాలో పదిలం. కాగితాన్ని మించింది లేదు.

జనవరిలో గున్వోర్ మంచాన పడ్డప్పటి నుంచి నీ ఉత్తరాలు ఆగిపోయాయి. సేవ చేసుకుంటున్నావు పాపం అనుకుని నేను అడగలేదు. తుంటి ఆపరేషన్ వల్ల చివరి చూపుకీ రాలేకపోయాను. గున్వోర్ మంచిదే. నాతో ఎన్నడూ మాట కలపలేదు, అంతే. ఉత్తరాల చివర "గున్వోర్ అడిగానని చెప్పమంది" అని నువ్వు రాస్తే, ఆ ముక్కయినా వాడే చేర్చి ఉంటాడులే అనుకునేదాన్ని.

పాస్‌వర్డ్ సంగతికి వస్తే, ఇన్నేళ్ళు టైపు చేసిన వేళ్ళకి గుర్తుండకుండా పోదు. కళ్ళు మూసుకుని కూర్చుని కొట్టు. మేం ఎక్స్ఛేంజిలో నంబర్లు అలాగే గుర్తుపెట్టుకునేవాళ్ళం. పడవ పేరు, అమ్మ పేరు వేసి చూడు.

నడుముకి గొర్రెతోలు కట్టుకో.

నీ అక్క,
బోర్గిల్డ్

*

స్కార్వోయ,
3 అక్టోబర్

అక్కా,

పడవ పేరు కాదు. అమ్మ పేరు కాదు. మూడుసార్లు తప్పు కొడితే ఒక రోజంతా తాళం పడుతుంది. రోజుకి మూడు చొప్పున కొడుతూనే ఉన్నాను. గొర్రెల పేర్లన్నీ అయిపోయాయి.

కంపెనీకి ఫోన్ చేశాను. గంటన్నర పిల్లనగ్రోవి వినిపించారు. చివరికి ఒకాయన దొరికాడు.

"మీరు ఓడ్వార్ నెస్విక్ గారేనాండీ?"

"అవును."

"ఖాతా మీ పేరు మీదే ఉందండీ. మరి పాస్‌వర్డ్ మీకే కదండీ తెలియాలి?"

"మా ఆవిడకి తెలుసు."

"అయితే ఆవిడనోసారి పిలవండి."

ఏం చెప్పమంటావు? ఇంట్లో లేదన్నాను. ఆయన మంచివాడే. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు నకలు జతచేసి, ఒక ఫారం సంతకం పెట్టి పంపితే పరిశీలిస్తామన్నాడు. నా పాస్‌పోర్టు గడువు 1998తోనే తీరిపోయింది. కొత్త కార్డుకి ఫెర్రీ ఎక్కి పట్నం వెళ్ళొచ్చాను. కార్డు పోస్టులో వస్తుంది. రాగానే ఫారం పంపుతాను.

నీ ఉత్తరంలో ఒక మాట నాకు నచ్చలేదు. గున్వోర్ నీతో మాట కలపలేదా? పదకొండేళ్ళు ప్రతి ఆదివారం నీకు రాసింది ఆవిడే కదా? కాఫీ దగ్గర కూర్చుని నీ జవాబులు నాకు చదివి వినిపించేది. "మీ అక్క ఇలా అంది, మీ అక్క అలా అంది" అని నవ్వుకునేది. మీరిద్దరూ ఒకరికొకరు ప్రాణం అనుకున్నాను. మనిషి పోగానే ఇలా రాయడం బాగాలేదు.

నీకు డెబ్బై ఎనిమిది నిండాయి. ఎవరు రాశారో, ఎవరికి రాశారో కలిసిపోతూ ఉంటాయి, తప్పు లేదు.

గొయ్యి సగం అయింది. రాళ్ళు తప్ప మట్టి లేదు.

ఓడ్వార్

*

హామర్,
10 అక్టోబర్

తమ్ముడూ,

కోపం తెచ్చుకోకుండా, కూర్చుని, నిదానంగా చదువు.

ఆ ఉత్తరాలు రాసింది నువ్వు. పైన నీ పేరు ఉంటుంది, కింద "నీ తమ్ముడు ఓడ్వార్" అని ఉంటుంది. ఫైలు ఒళ్ళో పెట్టుకునే ఇది రాస్తున్నాను. 2013 మార్చి: "అక్కా, నిన్న గాలి తగ్గాక సముద్రం ఎంత నిశ్చలంగా ఉందంటే, గట్టిగా అడుగు వేయడానికి మనసొప్పలేదు." ఇది నువ్వు రాసింది కాదూ?

మా ఆయన పోయిన ఏడు నన్ను నిలబెట్టింది నీ ఉత్తరాలే. చిన్నప్పుడు నువ్వు మూడు రోజులకో మాట మాట్లాడేవాడివి. నాన్న నిన్ను "మూసిన తలుపు" అనేవాడు. అలాంటివాడు అరవై దాటాక ఇలా తెరుచుకున్నాడని నేను ఎంత ఆశ్చర్యపోయానో! ఆ తర్వాత ఒకసారి మీ ఇంటికి వచ్చినప్పుడు, వారం రోజులూ నువ్వు ఉప్పు అందించమనడం తప్ప నోరు విప్పలేదు. వీడి మాటలన్నీ కాగితం మీదేలే అని నవ్వుకుని తిరిగొచ్చాను.

ఇప్పుడు అవి గున్వోర్ రాసిందంటున్నావు. దుఃఖంలో బుర్ర ఇలాంటి పనులు చేస్తుందట. మీ దీవి నర్సు శీరీ గారికి ఒక ఉత్తరం రాశాను. వచ్చి చూస్తుంది. తలుపు తియ్యి, మొండికెయ్యకు.

ఇంకొకటి. గున్వోర్ గురించి నేను అప్పుడప్పుడూ కాస్త ఘాటుగా రాశాను. చేపలో ఉప్పు ఎక్కువ వేస్తుందనీ, నిన్ను మనుషుల్లో కలవనివ్వదనీ. అవి ఆమె కంటపడకుండా చెరిపేసే ఉంటావు కదూ?

నీ అక్క

*

స్కార్వోయ,
24 అక్టోబర్

అక్కా,

శీరీ వచ్చింది. పదకొండు గంటల పది నిమిషాలు చూపించే గడియారం గీయమంది. గీశాను. పక్కనే ఆ రోజు పోటు ఎన్నింటికో, పాటు ఎన్నింటికో కూడా రాసిచ్చాను. "మీ బుర్ర నా బుర్ర కంటే శుభ్రంగా ఉందండీ" అంది. వాఫుల్స్ తిని వెళ్ళింది. ఊరంతా ఇప్పుడు నన్ను పలకరించి తారీఖు అడుగుతోంది.

ఆమె వెళ్ళాక నీ ఉత్తరం మళ్ళీ చదివాను. సముద్రం గురించి రాసిన ఆ వాక్యం. మూడుసార్లు చదివాను. నాలుగోసారి గున్వోర్ గొంతు వినబడింది.

అక్కా, నేను ఆ కంప్యూటర్ని తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. ఫోన్ లైన్ నా పేరు మీద ఉంది కాబట్టి ఈమెయిల్ కూడా నా పేరు మీదే ఇచ్చారు. ఇక్కడ ముసలి జంటలన్నిటికీ ఇంతే, ఇంటికో పెట్టె, దాని మీద మొగుడి పేరు. గున్వోర్ ఎవరికి ఏం రాసినా పైన పేరు మాత్రం నాది. కింద కూడా నా పేరే పెట్టి నీకు రాసిందని నాకు తెలియదు. ఎందుకలా చేసిందో కూడా తెలియదు.

నీ జవాబుల్లో ఉప్పు మాట, ఇంకేదో మాట నేను ఎన్నడూ వినలేదు. చదివేటప్పుడు ఆవిడ అవి దాటేసి ఉంటుంది. కొన్నేళ్ళ కిందట మాత్రం మా ఇంట్లో చేపలో ఉప్పు తగ్గింది. నేను డాక్టరు చెప్పాడేమో అనుకున్నాను.

అడగడానికి మొహం చెల్లడం లేదు. ఆ ఫైల్లోంచి ఒక్క ఉత్తరం నకలు తీసి పంపుతావా? ఏదైనా సరే.

ఓడ్వార్

*

హామర్,
9 నవంబర్

ఓడ్వార్,

రెండు వారాలు పట్టింది ఇది రాయడానికి.

నాకు తమ్ముడు ఉన్నాడనుకున్నాను. పదకొండేళ్ళు. నా కడుపులో మాటలన్నీ వాడికి చెప్పుకున్నాను. మా ఆయన చివరి రోజుల సంగతులు కూడా. అవన్నీ విన్నది పరాయి మనిషి. అదీ ఎవరిని గురించి చాడీలు చెప్పానో ఆ మనిషే. సిగ్గుతో ఒళ్ళు మండిపోతోంది. ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. ఆమె రాసి, నువ్వు రాయక.

ఫైళ్ళు అటక మీద పెట్టించేశాను. నకలు తీసే ఓపిక నాకు లేదు.

బోర్గిల్డ్

*

స్కార్వోయ,
4 డిసెంబర్

అక్కా,

నీ కోపం న్యాయమే. రాయవలసింది నేను. ఒక్క ముక్క, ఏడాదికి ఒక్కటి రాసినా నీకు ఈ మోసం జరిగేది కాదు. నకలు గురించి ఇక అడగను.

పెట్టె మూసేశారు. నా కార్డే ఆలస్యంగా వచ్చింది, ఆ వెంటనే గాలివానకి ఫెర్రీ నాలుగు రోజులు నడవలేదు. నా ఫారం టపా సంచీలో రేవులోనే ఉండిపోయింది. డిసెంబర్ ఒకటిన పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని మూడు తప్పులూ కొట్టాను. మర్నాడు కొడితే అలాంటి చిరునామా లేదని వచ్చింది. అంతే. చప్పుడు లేదు, పొగ లేదు. చావుకన్నా తేలిగ్గా అయిపోయింది.

అదే రోజు మధ్యాహ్నం మా ఇంటికి గాజు తీగ వచ్చింది. ఇది నీకు చెప్పాలని ఉంది, నువ్వు తీగల మనిషివి కాబట్టి. జెనోన్ అని పోలండ్ నుంచి వచ్చిన ఆయన, మా వంటింటి గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తీగ కొస వలిచాడు. లోపల ఉన్నది చూపించమన్నాను. నా అరచేతిలో పెట్టాడు, నాకు కనబడలేదు. గొర్రె వెంట్రుక దాని ముందు మోకు! ఇందులోంచి మాటలు పోతాయా అంటే, "మాటలేంటి పెద్దాయనా, లోకమంతా పోద్ది" అన్నాడు.

తీగ ఎక్కడా విరగలేదని చూడాలట. రేవు దగ్గర గదిలో తూరిద్ ఉంది. జెనోన్ ఆమెకి ఫోన్ చేసి "వెలిగించండమ్మా" అన్నాడు. నాతో, "అందులోకి చూడకూడదు. చెయ్యి అడ్డం పెట్టండి" అన్నాడు.

పెట్టాను. రెండున్నరకే బయట మసకబడింది. నా అరచేతి మధ్యలో ఎర్రటి చుక్క వెలిగింది.

అక్కా, ఆ వెలుగు రేవులో బయలుదేరింది. మేం తవ్విన రాళ్ళ కింద నుంచి, గొర్రెల దొడ్డి కింద నుంచి, చర్చి గోడ పక్కగా, గున్వోర్ సమాధికి పది అడుగుల దూరంలోంచి రెండు కిలోమీటర్లు వచ్చి నా చేతిలో వాలింది. బరువు లేదు, వేడి లేదు. డెబ్బై మూడేళ్ళు బతికి ఇలాంటిది చూడలేదు. జెనోన్ రోజుకి పదిసార్లు చూస్తాడు కాబోలు, అయినా నా మొహం చూసి కాసేపు తన పని ఆపాడు.

అప్పుడు అనిపించింది. చీకట్లో అంత దూరం వచ్చిన వెలుగుని పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. గున్వోర్ పదకొండేళ్ళు పంపింది. పట్టుకున్న చెయ్యి నీది. అదైనా జరిగింది, నాకది చాలు.

తమ్ముడు

*

హామర్,
11 డిసెంబర్

తమ్ముడూ,

ఈ పార్సిల్ బరువు చూసి పోస్టాఫీసు అమ్మాయి ఇటుకలాండీ అంది. నాలుగు ఫైళ్ళూ పంపుతున్నాను. నకళ్ళు కావు, అసలువే. అయిదువందల పైచిలుకు ఉన్నాయి.

నీ ఎర్ర చుక్క చదివాక వాటిని అటక దింపించి మొదటి నుంచీ చదివాను. మొట్టమొదటిది చూడు. రెండే వాక్యాలు: "మాకు ఈమెయిల్ వచ్చింది. ఇక్కడ అందరం కులాసా." సంతకమే లేదు. పైన నీ పేరు చూసి నేనే ఎగిరి గంతేశాను. దానికి నా జవాబు కూడా అదే కాగితం కింద అచ్చయి ఉంది: "ఓడ్వార్, నువ్వే రాశావా! నేను ఏడుస్తున్నాను. ఇంకా రాయరా." ఆ తర్వాత వారానికి గాని ఆమె నుంచి జవాబు రాలేదు. ఆ వారం రోజులూ ఏం ఆలోచించిందో! "కాదు, నేను గున్వోర్‌ని" అని రాస్తే నా సంతోషం పోతుంది. నిన్ను కూర్చోబెట్టి రాయించడం దేవుడి తరం కూడా కాదు. చివరికి "నీ తమ్ముడు ఓడ్వార్" అని పెట్టింది. నేనే తలుపు తట్టాను, ఆమె జాలిపడి తీసింది.

ఒక్క అబద్ధం కోసం వెతికాను. బాతు నిజం. తూరిద్ పడవ నిజం. నువ్వు ఏం చేశావో, ఏం చూశావో అదే రాసింది. నువ్వు నోరు తెరిచి అనని దాన్ని అక్షరాల్లో పెట్టింది. నేను ఆమె వంట మీద పుల్లవిరుపు మాట రాసినప్పుడల్లా నీ గొంతుతో ఎంత మర్యాదగా జవాబిచ్చిందో చదువుతుంటే నా చెంపలు నేనే వాయించుకున్నాను. తమ్ముణ్ణి పోగొట్టుకున్నాననుకున్నాను. కాదు, నా మరదలు ఎవరో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఎక్స్ఛేంజిలో అన్నేళ్ళు రెండు కొసలూ కలిపినదాన్ని, నా చెవిలో మాట్లాడుతున్నదెవరో కనిపెట్టలేకపోయాను.

మూడో ఫైల్లో పచ్చ దారం పెట్టాను. ముందు అది చదువు.

నీ అక్క,
గున్వోర్‌కి వదిన,
బోర్గిల్డ్

*

స్కార్వోయ,
19 డిసెంబర్, ఆదివారం

అక్కా,

పార్సిల్ తూరిద్ తోపుడుబండిలో వేసుకొచ్చింది. గోడకి తగిలించిన పెట్టెలో పచ్చ దీపం వెలుగుతోంది, ఇంటర్నెట్ వచ్చింది. నాకు కొత్త ఈమెయిల్ కూడా పెట్టించారు. పాస్‌వర్డ్ ఈ కాగితం వెనక రాశాను, దాచు. ఇంటికి ఇద్దరికైనా తెలిసి ఉండాలి. అయినా నీకు చేత్తోనే రాస్తాను.

కాఫీ కాచుకుని పచ్చ దారం దగ్గర తెరిచాను. నీకు కంఠతా వచ్చి ఉంటుంది, అయినా నా చేత్తో ఒకసారి రాయాలని ఉంది:

"అక్కా, గున్వోర్ రేవు నుంచి సంచులు మోసుకుంటూ పైకి వస్తుంటే నేను చేపలు కోస్తున్న కత్తి పక్కన పెట్టి కిటికీలోంచి చూస్తూ ఉంటాను. తను తలుపు తీసేసరికి మళ్ళీ కత్తి పట్టుకుని, ఇప్పుడేనా రావడం అని గొణుగుతాను. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. ఈ సంగతి తనకి తెలియదనే అనుకుంటున్నాను."

అక్కా, ఇది అక్షరాలా నిజం. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఆవిడతో అసలే అనలేదు. చెప్పకుండానే పోయింది, తెలియకుండానే పోయింది అని ఏప్రిల్ నుంచి ఇదే నా గుండెల మీద ఉంది. మా కిటికీ సముద్రం వైపు ఉంటుంది. బయటి నుంచి చూస్తే అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనబడదనుకునేవాణ్ణి.

కాఫీ అలాగే వదిలేసి రేవుకి వెళ్ళాను. ఆవిడ నడిచే దారినే పైకి వచ్చాను. పెద్ద బండ పక్కన మలుపు ఉంది కదా, అక్కడ ఆగి చూశాను. వంటిల్లంతా కనబడుతుంది. సింకు, బల్ల, బల్ల మీద కత్తి, నేను నిలబడే చోటు.

ఆవిడకి తెలుసు, అక్కా. ప్రతిసారీ తెలుసు.

ఆదివారానికి ఒక్కటి చొప్పున చదువుతాను. అన్నీ అయ్యేసరికి నాకు ఎనభై నాలుగు వస్తాయి. అందాకా ఉండాలి.

నీ తమ్ముడు,
ఓడ్వార్

రాసింది నేనే.